తోట నుంచి నాలుక దాకా

సీసా మీది స్టిక్కర్ సగం ఊడింది, సగం మొండికేసింది. కోడలు దాన్ని వేడినీళ్లలో ముంచి, గోరుతో గీకుతూ, ఓ చెవి హాలు వైపు పడేసింది.

"పొయ్యి మీద ఏమైనా ఉందా అమ్మాయ్?" హాల్లోంచి అత్తగారి గొంతు.

"జామ్ అయిపోయిందత్తయ్యా! సీసాలోకి తీస్తున్నా!"

అబద్ధమాడినా అతికినట్టుండాలి కదా. పొయ్యి మీద ఖాళీ గిన్నె ఒకటి పెట్టి, పక్కన నాలుగు నారింజ తొక్కలు పడేసింది.

పెళ్లయిన దగ్గర్నుంచీ ఆమెకు ఈ జామ్ ఒక్కటే గండం. ఎన్నిసార్లు చేసినా భర్త ఒక స్పూను నోట్లో పెట్టుకుని, "బాగుంది, కానీ అమ్మ చేసినట్టు లేదు" అనేవాడు. ఎలా చేస్తారని అడిగితే, అది చేతిని బట్టి వస్తుందనేది అత్తగారు. చేసి చూపించమంటే, ఎవరైనా చూస్తే పాకం కుదరదనేది. విసిగిపోయిన కోడలు ఈసారి భర్త పనిచేసే కంపెనీ జామే కొనుక్కొచ్చింది. అత్తగారి ముందు ఒక్కసారైనా తలెత్తుకోవాలని ఆమె ఆశ.

భర్త ఆ కంపెనీలో బ్లాక్‌చెయిన్ చూసే ఇంజనీరు. కానీ ఆ జామ్ నోట పెట్టడు. అమ్మ చేతి జామ్ తిన్న నోటికి ఫ్యాక్టరీ సరుకు రుచించదట.

ముగ్గురూ బ్రెడ్డు ముందు కూర్చున్నారు. ఒక్క ముక్క కొరికి భర్త కళ్లు పెద్దవి చేశాడు.

"అమ్మా! అచ్చం నీదే!"

కోడలికి ఏనుగెక్కినంత సంబరం. అత్తగారు మాత్రం కాస్త నాలుక మీద వేసుకుని ఆగింది.

"ఎంతసేపు ఉడికించావు?"

"అదీ... చిక్కబడేదాకా."

"చక్కెర?"

"సరిపడా."

"ఊఁ" అంది అత్తగారు.

"వంటంటే నమ్ముతాం గానీ, సరుకు విషయంలో నమ్మకాల రోజులు పోయాయమ్మా," భర్త ఫోన్ తీశాడు. "మా సీసా మీది కోడ్‌కి దీన్ని చూపిస్తే చాలు. ఏ తోట పండో, ఏ లారీ ఎక్కిందో, ఏ కొట్టుకు చేరిందో చెప్పేస్తుంది. బ్లాక్‌చెయిన్ అంటే అదే, ఎవరి వంతు వివరాలు వాళ్లు ఎక్కిస్తారు, నకలు అందరి దగ్గరా ఉంటుంది. ఒక్కడు మార్చాలని చూస్తే మిగతావాళ్ల దగ్గర దొరికిపోతాడు."

"వీధిలో పుకారులాగా అన్నమాట," అంది అత్తగారు.

"మరి స్టిక్కర్ పీకేస్తే?" కోడలు నోరు జారింది.

"పీకనీ! దొంగసరుకు వాళ్ల కోసమే రెండో కోడ్ దాచాం. ఎక్కడుందో బయటివాళ్లకు చచ్చినా తెలీదు." అతను మాట్లాడుతూనే సీసా అందుకున్నాడు. "అవునూ, ఇది మా సీసాలా ఉందే?"

అత్తగారు చటుక్కున సీసా లాక్కుంది.

"ఇంట్లో పడున్న సీసాలో పోసుకుంటే తప్పా? ముందు ఆ తినేది చూడు, ఆఫీసుకు వేళవుతోంది!"

సీసాతో వంటింట్లోకి నడిచింది. కోడలు వెనకే వెళ్లి తలుపు దగ్గరగా వేసింది. సిగ్గుతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తప్పయిపోయిందత్తయ్యా. ఆయనకు మాత్రం చెప్పకండి."

అత్తగారు మూత విప్పి, లోపలి గుండ్రటి అట్టను చాకు మొనతో పైకి లేపింది.

"రెండో కోడ్ దీని కింద ఉంటుందమ్మా, నేనెప్పుడూ ముందు దీన్నే గీకుతాను."