చేప ముందు పోట్లాట

"దీని ముందు అరుచుకున్నారంటే బెంగతో చచ్చిపోతుంది," అంటూ పక్క ఫ్లాటులో ఉండే మా అత్తగారు గోల్డ్‌ఫిష్‌ని గాజుతొట్టితో సహా తెచ్చి మా టీవీ పక్కన పెట్టి వెళ్లారు.

మాకున్నది ఒకటే గది. ఇక చేసేదేముంది, గుసగుసగా పోట్లాడుకోవడం మొదలుపెట్టాం. "తడి తువ్వాలు మళ్లీ మంచం మీదేశారా?" అని చెవిలో కడిగేయబోతే మా ఆయనకి చక్కిలిగింత. ఆయన నవ్వితే నాకూ నవ్వాగేది కాదు.

ఆరు నెలల్లో చేప బొద్దుగా తయారైంది.

మేత తెచ్చేది ఎప్పుడూ ఆయనే. ఇవాళ ఎదురు షాపుకి నేను వెళ్లి, "అరుపులకి చేప చస్తుందా?" అని అడిగాను.

షాపతను తల పట్టుకున్నాడు. "చావదని మొదటి వారమే మీ ఆయనకి చెప్పానమ్మా!"

ఇంటికొచ్చి గొంతు చించుకుని అరవబోయాను.

"ష్... చేప!" అంటూ ఆయన చెవి నా నోటి దగ్గర పెట్టారు.