ఉత్త పూలు

తెల్లవారి ప్రమీల చేనికి వచ్చేసరికి, పుచ్చతీగల మధ్య ఒక ముసలాయన వంగి పూలు తెంపుతున్నాడు.

"ఎవరు నువ్వు? మా చేలో ఏం చేస్తున్నావ్?"

అతను తల ఎత్తలేదు. ఒక పువ్వు తెంపి, దాన్ని పక్క తీగ మీది పువ్వుకు రుద్ది, జోలెలో వేసుకున్నాడు. మళ్లీ ఇంకోటి తెంపాడు.

ప్రమీలకు ఒళ్లు మండింది.

ఆమె పెరిగింది మధిర దగ్గర పత్తి చేలలో. పత్తిలో పువ్వు పోతే కాయ పోయినట్టే. పుచ్చ వేయడం ఇదే మొదలు.

ఏన్కూరు అవతల, అడవి అంచున ఉన్న తమ రెండెకరాల్లో కాగితం మిల్లుకు అమ్మే జామాయిల్ మొక్కలు పెట్టేసి సారపాక వచ్చేయమన్నాడు భర్త చిరంజీవి. అక్కడ మిల్లులో అతనిది కాంట్రాక్టు పని. ప్రమీల ఒప్పుకోలేదు. ఒక్క పంట చూస్తానంది.

కాస్తే చేను ఆమెది. లేకుంటే జామాయిల్‌ది.

తీగలు బాగానే పాకాయి. పూలు విరగబూశాయి. పిందెలు మాత్రం గోలికాయంత అయ్యి, పండుబారి రాలిపోతున్నాయి. షాపువాళ్లు చెప్పిన మందులన్నీ కొట్టి చూసింది. లాభం లేదు.

ఇప్పుడు ఈ పూల దొంగ.

"ఆగు తాతా. పువ్వు తెంపితే కాయెట్లా వస్తుంది?"

"నేన్ దెంపేటియి కాసేటియి గావు బిడ్డా. ఉత్త పూలు."

"పూలల్లో ఉత్తవి కూడా ఉంటాయా?"

"మనుషులల్ల లేరా?"

అతను అప్పటికే ముందుకు కదిలాడు.

"ఎండెక్కితే పూలు ముడుసుకుంటయ్. తిట్టుడుంటే పొద్దెక్కినంక తిట్టు."

ఆమె అతని చెయ్యి పట్టుకుని గట్టు దాటించింది.

మర్నాడు తెల్లవారేసరికి మళ్లీ ఉన్నాడు.

పోలీసులకు చెబుతానంది. ఊళ్లో పంచాయితీ పెట్టిస్తానంది. అన్నీ విని పక్క సాలులోకి నడిచాడు. కూలి అడగలేదు, మంచినీళ్లు కూడా అడగలేదు. తన పంట పోవాలని కోరుకునేవాళ్లు ఎవరో పంపి ఉంటారని ఆమెకు గట్టి అనుమానం కలిగింది.

"నిన్నెవరు పంపారు?"

"ఎవలు పంపలె."

"రేపు వచ్చావంటే కాళ్లు విరగ్గొడతా."

"ఇరిగేదాంక వస్త."

మూడోరోజూ వచ్చాడు. ఆ సాయంత్రం ప్రమీల చేను చుట్టూ తుమ్మకంప వేసింది. చేతులు గీసుకుపోయినా ఒక్క సందు వదల్లేదు.

నాలుగోరోజు కూడా అతను లోపలే ఉన్నాడు. కుడికాలు కుంటుతున్నాడు. ఆరో సాలు చివరిదాకా వెళ్లి, పూలు ముడుచుకునే వేళకు తనంతట తానే బయటికి పోయాడు.

ఐదోరోజు రాలేదు.

గెలిచాననుకుంది ప్రమీల.

వారం తిరిగేసరికి పిందెలు నిలిచాయి. గోలికాయంత ఉన్నవి పిడికిలంత అయ్యాయి. అయితే చేనంతా కాదు. ముసలాయన తిరిగిన ఆరు సాళ్లలోనే. మిగతా సాళ్లలో పిందెలు పండుబారి రాలుతూనే ఉన్నాయి.

ఆరో సాలుకూ ఏడో సాలుకూ మధ్య ఆమె చాలాసేపు నిలబడిపోయింది.

మేకల కాపరుల్ని అడిగితే ముసలాయన పేరు పగిడయ్య అని, వాగు అవతలి గూడెం అని చెప్పారు. వెంటనే బయలుదేరింది.

అతని భార్య గంగక్క అరుగు మీద విస్తళ్లు కుడుతోంది.

"లేడు. ముల్లు దిగి కాలు వాసింది. బిడ్డొచ్చి చింతూరు తీస్కపోయింది. ఎన్నడొస్తడో, అసలొస్తడో రాడో."

"ఆ కంప నేనే వేశానమ్మా" అంది ప్రమీల.

"ఎరికే" అంది గంగక్క, కుట్టడం ఆపకుండా.

ఆకు మీద ఆకు పెడుతూ చెప్పుకొచ్చింది. పుచ్చలో రెండు రకాల పూలుంటాయంది. కింద ఉసిరికాయంత బుడిపె ఉన్నది కాసే పువ్వు. అది లేనిది ఉత్త పువ్వు. ఉత్త పువ్వు పుప్పొడి కాసే పువ్వుకు అందితేనే పిందె నిలుస్తుంది. ఆ పని తేనెటీగలది. వాగు ఒడ్డున ఇప్పుడు ఒక్క ఈగా లేదు. పగిడయ్య చెక్కపెట్టె ఒకటి చేయించి, చెట్టు తొర్రల్లో ఈగలేమైనా ఉంటే పట్టి తెచ్చి ప్రమీల గట్టు మీద పెడదామని నెలరోజులు అడవంతా తిరిగాడు. దొరకలేదు.

"ఈగ పని నేనే జేస్త అన్నడు. చెప్తే ఇనే మనిషి గాదు."

"మా చేను మీద ఆయనకెందుకమ్మా అంత పట్టుదల?"

గంగక్క అది కూడా చెప్పింది. ప్రమీల లేచి చేనికి నడిచింది.

ఆదివారం పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చిన చిరంజీవి, పుచ్చతీగల మధ్య వంగి ఉన్న భార్యను చూశాడు.

"ఏందే ఇది? పూలు తెంపుతున్నవ్, మతి పోయిందా?"

"ఎండెక్కితే ముడుచుకుంటాయి. గట్టు మీద కూర్చోండి."

అతను కూర్చోలేదు. చేనంతా తిరిగి వచ్చాడు.

"ఆరు సాళ్లే కాసినయ్. నర్సరీల జామాయిల్ మొక్కలకు చెప్పిన. వచ్చే వారం దింపుతరు."

ప్రమీల నడుం నిలబెట్టింది.

"వద్దని చెప్పండి. పదకొండో సాలు దాకా వచ్చాను. పూలు ఇంకా పదిరోజులు పూస్తాయి. నా చేతులాడినంత కాలం ఈ చేలో జామాయిల్ దిగదు."

చిరంజీవి వంగి ఒక కాయను అరచేత్తో తడిమాడు. మళ్లీ మొక్కల మాట ఎత్తలేదు.

"ఈ పని నీకెవలు నేర్పిండ్రు?"

ప్రమీల ఇంకో ఉత్త పువ్వు తెంపింది.

"పోయిన ఎండాకాలం తేనె కోసం మన వాగు ఒడ్డు చెట్ల మీది ఈగలన్నిటినీ మంటపెట్టి చంపినాయన" అంది.