సగానికి కాచిన నీళ్ళు

"యాడా లీకు లేదు భాయ్. బిల్లు సరిగ్గానే ఉండాది," అన్నాడు గ్యాసు కంపెనీ మారెప్ప, మీటరు మూత బిగిస్తూ.

యూసుఫ్ భార్య వైపు తిరిగాడు. "మూడింతలు వచ్చినాది. ఏం వండుతాండావు?"

ఫిర్దోస్ పొయ్యి మీది గిన్నె చూపింది. "బోరు నీళ్ళు. పాప పండ్లు గారపడతాండాయి. నీళ్ళలో ఫ్లోరైడు అన్నారు. అది పోవల్లని సగమయ్యేదాకా కాంచి తాపుతాండా."

యూసుఫ్ బిల్లు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "కాంచులే. బిల్లు నేను చూసుకుంటా."

సంచి సర్దుకుంటున్న మారెప్ప చేతులు ఆగాయి.

"ఇగిరేది నీళ్ళే అక్కా. ఫ్లోరైడు యాడికీ పోదు. మిగిలిన నీళ్ళలో ఇంకా ఎక్కువైతాది."

"నీకెట్ల తెలుసు?"

"మా అమ్మా ఇట్లే కాంచి పోసింది." మారెప్ప నవ్వాడు. పళ్ళన్నీ ఇటుక రంగులో ఉన్నాయి.

ఫిర్దోస్ పొయ్యి ఆర్పేసింది.

లోపల్నుంచి పాప నీళ్ళడిగింది.