వాకిలికి వీపు

“గిరాకీకి వాకిలి చూపించే అంగడి యాడన్నా ఉండాదా పాపా? తీసెయ్ దాన్ని!”

కోయిలకుంట్ల బజార్లో చేనేత చీరల అంగడి చౌడప్పది. ఆయన అరుస్తున్నది కోడలు యామిని మీద. వేలు పెట్టి చూపిస్తున్నది ఆమె కంప్యూటర్ తెర మీద, అంగడి వెబ్‌సైట్లో చీర బొమ్మకు పైన ఉన్న సన్నటి వరుసని: హోం > నూలు చీరలు > గళ్ళ చీరలు > ఎర్రంచు.

“అది వాకిలి కాదు మామా, దోవ. బ్రెడ్‌క్రంబ్స్ అంటారు.”

“బ్రెడ్డు తునకలా? చీరల నడుమ బ్రెడ్డు చల్లితే ఎలకలు రావా?”

యామిని ఓపిక తెచ్చుకుని చెప్పింది. “గూగుల్లో వెతికేటోళ్ళు వాకిట్లో నుంచి రారు మామా. మిద్దె పగలగొట్టుకుని దూకినట్టు నేరుగా ఒక చీర ముందర పడతారు. తాము యాడుండేది, ఎనక్కి యా అరలోకి పోవల్లనేది ఈ వరుసే చెప్తాది. గూగులు కూడా దీన్ని చదువుకొనే మన అంగట్లో ఏముండేది జనాలకు చూపిస్తాది. ఇది లేకనే ఇన్నాళ్ళూ మనం అడుగున యాడో పడి ఉండాము.”

చౌడప్ప చెవికి ఇవేవీ ఎక్కలేదు. ఆయన వ్యాపారం తీరే వేరు. వచ్చినవాళ్ళను వాకిలికి వీపు పెట్టించి పరుపు మీద కూర్చోబెడతాడు. చేతికి మజ్జిగ గ్లాసు ఇస్తాడు. గ్లాసు ఖాళీ అయ్యేలోగా ఒళ్ళో చీరలు గుట్టగా పడతాయి. ఇక లేవాలంటే ఆ గుట్టను పక్కకు తోయాలి, తోయడానికి మొహమాటం. ఒకసారి కరెంటు బిల్లు ఇవ్వడానికి వచ్చినతను కూడా రెండు చీరలు కొనుక్కుని పోయాడు. పాపం, పెళ్ళికాని వాడు. ఎదురుగా చీరలంగడే పెట్టుకున్న భూపేష్ సైతం ఆ పరుపు దరిదాపులకు రాడు.

“వరుస తీసేస్తే జనాలు దోవ తప్పుతారు మామా.”

“తప్పనీ. తప్పి యాడికి పోతారు? మన అంగట్లోనే కదా తిరుగుతాండేది!”

చీరలు మడతపెడుతున్న చౌడప్ప భార్య సుబ్బక్క, “ఆ పిల్ల చెప్పేది రవ్వంత ఇనరాదా?” అంది. దాంతో ఆయనకు రోషం పొడుచుకొచ్చింది. జేబులోంచి ఫోను తీశాడు.

“సరే, ఇప్పుడు నేనే గిరాకీని. ఆ వరుస లేకుండా, నువ్వు చెప్పిన గూగుల్లో నుంచే వచ్చి ఒక చీర కొంటా. కొన్నానంటే నీ కంప్యూటర్ అటక మీదికి, నువ్వు మీ అత్త పక్కన మడతలకు. దోవ తప్పినానా, వెబ్‌సైటు నీ ఇష్టం. నేను నోరెత్తను.”

యామిని కంప్యూటర్ వైపు చూసింది. ఆ ఇంట్లో ఆమెకంటూ ఉన్న చోటు ఆ మూల, ఆ కంప్యూటరే. మడతల పని తలచుకుంటేనే ఏడుపొచ్చింది. అయినా వరుస తీసేసి, “కానీ మామా” అంది.

చౌడప్ప వాకిలికి వీపు పెట్టి మరీ పరుపు మీద కూర్చున్నాడు. ‘ఎర్రంచు గళ్ళ చీర’ అని నొక్కాడు. యామిని తొంగి చూడబోతే ఫోను ఎదకు ఆనించుకున్నాడు.

“గిరాకీ చేతిలోది చూడకూడదు. మజ్జిగ తే.”

కాసేపటికే ఆయన మొహం విచ్చుకుంది. “బొమ్మలు శానా బాగా తీసినావే పాపా! నిజం చీర కంటే మేలుగా ఉండాది.”

యామిని తబ్బిబ్బయింది. మామ నోట మెచ్చుకోలు వినడం అదే మొదలు.

“రేటు గూడా పెంచినావే! భలే గుండె నీది.”

రేటు పెంచిన గుర్తు ఆమెకు లేదు. కానీ వచ్చిన పొగడ్తను పోగొట్టుకోవడం ఇష్టం లేక ఊరుకుంది.

చౌడప్ప ఇంకా లోపలికి పోయాడు. గళ్ళ నుంచి చుక్కలకు, చుక్కల నుంచి పట్టుకు. వచ్చిన దోవ మరిచిపోయాడు. నుదుటికి చెమట పట్టింది.

“ఏమే సుబ్బక్కా, ఈ నెమలి రంగు పట్టు ఎప్పుడు తెప్పించినావు? నాకొక మాట చెప్పల్లేదా?”

“నేనెప్పుడు తెప్పించినా?”

“గమ్మునుండు. ఈడ కనపడతాండాది కదా!”

అన్నానికి పిలిస్తే రాలేదు. సగంలో లేచిపోయే గిరాకీ కాదట తను. ఇంతలో నిజమైన గిరాకీ ఒకాయన పెండ్లాంతో సహా వాకిట్లోకి వస్తే, “అంగట్లో జనం ఉండారప్పా, సాయంత్రం రా” అని తిప్పి పంపించాడు.

చివరికి ఎక్కడ నొక్కినా ఇంకో చీరే వస్తుంటే విసిగిపోయి, ఎదురుగా ఉన్న ‘కొనండి’ మీద వేలితో గుద్దాడు. పేరు, అడ్రసు కొట్టాడు. డబ్బు చీర చేతికొచ్చాక ఇస్తానని నొక్కి, లేచి నిలబడి తుండుగుడ్డ విదిలించాడు.

“కొనేసినా! చూసినారా? బయటికి దోవ లేకపోతే గిరాకీ చచ్చినట్టు కొంటాడు. తియ్ ఇంగ ఆ డబ్బా!”

యామిని తన కంప్యూటర్లో ఆర్డర్లు చూసింది. “ఏమీ రాలేదే మామా.”

“నెట్టు నిదానమైంటాది. తియ్యమంటి కదా!”

పందెం పందెమే. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే యామిని వైర్లు పీకడానికి వంగింది. సుబ్బక్క మొగుణ్ణి తిట్టుకుంటూనే అటకకు నిచ్చెన వేసింది.

అప్పుడే వాకిట్లో చెప్పులు విడిచిన చప్పుడైంది. ఎదురంగడి భూపేష్, చంకలో కవరు, మొహం నిండా నవ్వు పెట్టుకుని లోపలికి వచ్చాడు.

“చౌడప్పన్నా, మా వెబ్‌సైటు ఆర్డర్లో నీ పేరు చూసి ముందర నమ్మల్యా. ఇదో నీ నెమలి రంగు పట్టుచీర, రోడ్డు దాటేదే కదా అని డెలివరీ చార్జీ ఏస్కోల్యా!”