కొత్త పరుపు

సోమందేపల్లె దగ్గర హైవే పక్కన పాత బండ్ల షెడ్డు నాది. లోపల పడక, వంటగట్టు ఉన్న టూరిస్టు బండిని చూడ్డానికి మారెప్ప అనే పెద్దాయన వచ్చాడు.

ఇంజను చూడలేదు. టైర్లు తట్టలేదు. చెప్పులు కింద విడిచి ఎక్కాడు. పడక మీద వెల్లకిలా పడుకుని చాలాసేపు పైకప్పు చూశాడు.

“పరుపు కొత్తదా అప్పా?”

“మొన్ననే వేయించినా.”

“ఈ బండిలో ఎవురన్నా సచ్చిపోయినారా?”

పాత బండి కొనేవాళ్లంతా అడిగేదే. నా జవాబూ ఎప్పుడూ ఒకటే.

“ఛ! నా పిల్లల మీద ఒట్టు పెద్దాయనా. ఎవురూ పోలేదు.”

మెల్లగా లేచాడు. పరుపు మీద ముడతలు చేత్తో సరిచేశాడు.

“అట్లయితే ఇది కాదులే. మా కొడుకు ఇట్లాంటి బండికే డ్రైవరు. గోవాలో బండిలోనే పండుకున్నోడు మళ్లా లేయలేదు. ఆ బండి అమ్మేసినారంట. వాడు కడసారి పండుకున్న తావు ఒక్కతూరి చూద్దామని షెడ్లన్నీ తిరుగుతాండా.”

చెప్పులేసుకుని బస్టాండు వైపు నడిచాడు.

గోవాలో డ్రైవరు నిద్రలోనే పోయాడని తెలిసే నేనీ బండిని చవగ్గా తెచ్చాను.

దీంట్లోంచి తీసేసిన పాత పరుపు షెడ్డు వెనక ఉంది. దాని మీద మా కుక్క నిద్రపోతోంది.