యాక్సిల్ రాడ్డు దొంగ

ఇంజను మోగింది. గేరు పడింది. లారీ మాత్రం కదల్లేదు.

"నాన్నా, వెనక ఏదో తేడాగా ఉంది" అంది కూతురు, స్టీరింగు వదలకుండానే. నిండా ఇటుకల లోడు. ముందంతా దిగుడు రోడ్డు.

తండ్రి వంగి చూశాడు. వెనక చక్రం నడిబొడ్డున బోల్టులు లేవు. కన్నంలో గుడ్డ కుక్కి ఉంది. చక్రాన్ని తిప్పే యాక్సిల్ రాడ్డు మాయం.

"వాడే!" అన్నాడు.

కొన్నాళ్లుగా ఎవడో ఎదురుగోడ పక్కన కూర్చుని ఆ చక్రాన్నే చూస్తున్నాడు. నిన్న దగ్గరికొచ్చి, "ఆయిల్ సీలు పోయి చక్రంలోకి ఆయిల్ కారుతోందమ్మా, బండి తియ్యకు" అన్నాడు కూతురితో.

"తాతల నాటి బండి, ముక్కు కారదా?" అని తండ్రే తరిమేశాడు. "భయపెట్టి చవగ్గా కొట్టేసే బ్రోకరుగాడే, చూస్తుండు" అన్నాడు కూతురితో.

వాడు పారిపోలేదు. మెకానిక్ షెడ్డు ముందు, రాడ్డు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

చెంప ఛెళ్లుమంది.

"పాత ఇనుముకి వేద్దామనా?"

"సీలు మార్పించండి. ఇచ్చేస్తాను."

"నా బండి, నా ఇష్టం. మధ్యలో నువ్వెవడివిరా?"

అతను తల దించుకున్నాడు. పోలీసులు తీసుకెళ్తున్నా ఎత్తలేదు.

"దొంగ కాకపోతే నోరు పెగలదా?" అన్నాడు తండ్రి.

మర్నాడు రాడ్డు బిగించడానికి మెకానిక్ వచ్చాడు. "ఎలాగూ విప్పి ఉంది, సీలు కూడా మార్చేద్దాం" అంటూ చక్రం బ్రేకు డ్రమ్ము లాగాడు.

బ్రేకు లైనర్లు నూనెలో ముంచిన వత్తుల్లా ఉన్నాయి.

"నిన్న దిగుడులో ఆగేదా, బాబాయ్?" అడిగింది కూతురు.

మెకానిక్ లైనరును వేలితో నొక్కాడు. ఆయిల్ కారింది. "బ్రేకు మీద ఎక్కి నిలబడ్డా ఆగేది కాదమ్మా."

తండ్రి చెప్పులేసుకుని పోలీస్ స్టేషనుకి నడిచాడు.

"కేసు వద్దు. వాణ్ణి... ఆయన్ని వదిలెయ్యండి."

"ఆలస్యం చేశారు. పొద్దున్నే జైలుకి పంపేశారు" అన్నాడు కానిస్టేబుల్. "పాత ముద్దాయే. బయటికొచ్చి నెల కాలేదు."

"ఏం చేశాడు?"

"లారీ డ్రైవరు. వెనక ఆయిల్ కారి, బ్రేకు పడక ఒకావిణ్ణి తొక్కేశాడు. ఆవిడ మొగుడు కోర్టుకొచ్చి వీడి మొహం కూడా చూళ్లేదట."

కానిస్టేబుల్ ఆ స్టేషనుకి కొత్త. ఆ మొగుడు తన బల్ల ముందే నిలబడి ఉన్నాడని అతనికి తెలియదు.