ఎలుగుబంటి కాపలా

అడవికంతటికీ ఒకే వైఫై పెట్టె ఉండేది. దానికి ఎలుగుబంటి కాపలా. వాగు పొంగే ముందు హెచ్చరిక ఆ పెట్టె ద్వారానే అందరికీ అందేది. వానలు మొదలైన నాటినుంచి సిగ్నల్ మాటిమాటికీ పోసాగింది.

జంతువులన్నీ వచ్చి నిలదీశాయి. ఎలుగుబంటి పడుకున్న చోటినుంచి కదలకుండానే, "రోజుకు నూరుసార్లు ఫోను చూసే ఈ తీతువు వల్లనే ఇదంతా. రేపటినుంచి దీనికి వైఫై లేదు" అంది.

వాగు ఇసుకలో గుడ్లు పెట్టుకున్న తీతువు పిట్ట బెదరలేదు.

"తీసెయ్యి మామా! మూడు రోజులుగా గమనిస్తున్నాను. నీవు తేనెకు వెళ్తే సిగ్నల్ నిండుగా ఉంటుంది. తిరిగి రాగానే పోతుంది. వెచ్చగా ఉందని పెట్టెను పొట్టకింద పెట్టుకొని పడుకుంటున్నావు. ముందు లే!"

"నన్నే లెమ్మంటావా?"

"నిన్నే."

అందరూ తనవైపే చూస్తుండడంతో ఎలుగుబంటి గొణుగుతూ లేచింది. మరుక్షణం ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. వాగు పొంగుతోందని ఉదయమే పంపిన హెచ్చరిక అప్పటికి అందింది.

తీతువూ దాని మగపిట్టా వాగుకు ఎగిరి, గుడ్లన్నీ గట్టుమీదికి చేర్చాయి. ఆ వెనుకే నీరు వచ్చి గూటిని ముంచింది.

తల్లి తీతువు తిరిగి వచ్చేసరికి ఎలుగుబంటి మళ్లీ పడుకోబోతోంది. తీతువు పెట్టెమీద వాలి రెక్కలు చాచింది.

"ఇక కాపలా నాది మామా. నా పొట్ట చిన్నది."